చెవి వెనుక చూడని పరీక్ష

చర్మ క్లినిక్‌లో కత్తెరక్క ఎడమ చెంపను లేజరుతో కాల్చారు. కాల్చే ముందు చెవి వెనుక చుక్కంత చోట లేజరు తాకించి, చర్మం తట్టుకుంటుందో లేదో పరీక్షించి చూడలేదు. అంగీకార పత్రం మీద సంతకం మాత్రం తీసుకున్నారు. అదీ ముఖానికి తిమ్మిరి మందు పూసి, కళ్లజోడు తీయించిన తరువాత.

ఆ వీధిలో సగం మంది ఒంటి మీది బట్టలు ఆమె కుట్టినవే. కొత్త గుడ్డ ఎవరు తెచ్చినా సరే, ఓ మూల తడిపి ఆరబెట్టి, రంగు దిగుతుందో ముడుచుకుంటుందో చూడనిదే కత్తెర పెట్టదు. కత్తెరక్క అన్న పేరు అలా వచ్చిందే. అంతటి మనిషీ ముఖం మీది మంగు మచ్చలు పోతాయన్న ఆశలో, సొంత చెంప దగ్గర ఆ మాట అడగడం మరిచింది. మంగు పోలేదు సరికదా, కాల్చిన చోట నల్లటి మచ్చ పడింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! తెల్లకోటు చూడగానే నోరు పడిపోయిందా?" అంది వదిన.

"ఆ కోటూ ఎవరో కుట్టిందే కదా వదినా. రేపెళ్లి కొలతలు తీసుకొస్తా."

ఆ క్లినిక్ ఒక కాగితం సిద్ధం చేసి ఉంచింది. మచ్చ తన చర్మతత్వం వల్లే వచ్చిందని ఒప్పుకుంటే మళ్లీ ఉచితంగా చికిత్స చేస్తారట. ఆమెకు కావలసింది వేరే కాగితం: పరీక్ష చేయలేదని డాక్టరు స్వయంగా రాసివ్వాలి.

మర్నాడు ఆమె వెళ్లేసరికి క్లినిక్‌లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. డాక్టరు గది బయటికొచ్చి, ఆమె అడిగిన కాగితం సంగతి విని, "అందరికీ బాగానే పనిచేసిందమ్మా. మీ చర్మమే అలాంటిది" అన్నాడు.

"అలాంటిదో కాదో చూడ్డానికే కదా బాబూ పరీక్ష? గుడ్డ పాడైతే ఇంకోటి కొనిస్తా. చెంప ఏ కొట్లో దొరుకుతుందో చెప్పు."

కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. మందు పూసుకుని కూర్చున్న ఒక అమ్మాయి నవ్వు ఆపి, ముఖం తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుంది. "నా కాగితం ఇటివ్వండి. చదువుకుంటాను."

"నాకు చెవి వెనక చూశారా?" అన్నారు ఇంకొకరు. "నల్లబడితే ఎవరిది పూచీ?" అని మూలనుంచి మరో గొంతు. లోపలికి రమ్మని పిలిస్తే ఒక్కరూ లేవలేదు.

డాక్టరు కలం తీశాడు. "ముందస్తు పరీక్ష చేయలేదు" అని రాసి, సంతకం చేశాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని, అక్షరం అక్షరం చదివి, తేదీ కూడా వేయించింది. సాయంత్రం ఆ కాగితం కుట్టుమిషను పైన, గోడకు ఎక్కింది. వదినే మేకు కొట్టింది.

క్లినిక్ యజమానులారా, ఆ ఒక్క వాక్యం మీ నేరాంగీకారం. ఇకపై తిమ్మిరి మందుకు ముందే పత్రం ఇవ్వండి. ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వండి. చెవి వెనుక పరీక్షించి, ఫలితం తేలేదాకా ఆగండి. అప్పటిదాకా ఏ చెంప మీదా చెయ్యి వేయకండి.