అమ్మ పక్క వైపరు

దయ్యాలంటే మా ఇంట్లో నవ్వులాట. ఇప్పటికీ నేను నమ్మను. కానీ పంతొమ్మిది వందల అరవైలలో, నా తొలి కాన్పు రోజు జరిగినదాన్ని ఏ లెక్కలో వేసుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

నాయనకు శింగనమలలో బాడుగ కారు ఉండేది. మా వైపు వైపర్లు వానకు అరిగిపోవు, ఎండకు చచ్చిపోతాయి. వాడకుండానే రబ్బరు బీటలు పడుతుంది. అనంతపురంలో కొత్తవి కొనేటప్పుడు అమ్మ కూడా వెళ్ళేది. రబ్బరును వంచి, చెంపకు రాసుకుని చూసి, గీరుకుంటే పక్కన పెట్టేసేది. వడియాలు ఎండాయో లేదో చూసే చెయ్యి కదా, అంగడి ఆయనే ఇంకో జత తీసి ఇచ్చేవాడు.

నాయన తన పక్కకు ఒకటి చాలనేవాడు.

"రెండు ఎందుకుమే? ఈడ వాన యాడుండాది?"

"వాన రాకడ, పానం పోకడ ఎవురికి తెలుసు? రెండూ తీసుకో. నీ పక్కన కూచున్నదాన్ని, నేను దావ చూడొద్దా?"

నాయన గొణుక్కుంటూ రెండూ తెచ్చేవాడు.

అన్నట్టే ఒక పొద్దున సంగటి కెలుకుతూ అమ్మ కుప్పకూలిపోయింది. ఆ తర్వాత నాయన ఎడమ వైపరును కడ్డీతో సహా విప్పేశాడు. అమ్మ కూర్చునే ఆ పక్క సీట్లో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. బాడుగకు వచ్చినవాళ్ళు వెనక ఇరుక్కోవాల్సిందే.

కాన్పుకు పుట్టింటికి వచ్చాను. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. నాయన నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి అనంతపురం ఆసుపత్రికి బయలుదేరాడు. పట్టపగలే. ఏళ్ళ తరబడి మొహం చాటేసిన వాన దారిలో ఒక్కసారిగా విరుచుకుపడింది. నాయన పక్క వైపరు నాలుగు ఊపులు ఊగేసరికి రబ్బరు ఊడిపోయింది. ఉత్త కడ్డీ అద్దాన్ని గీకుతోంది. ముందర వంక పొంగి రోడ్డు మీద పారుతోంది. ఆగితే నేనూ బిడ్డా దక్కము. పోతే ముగ్గురం వంక పాలు.

"యాడికని తోల్దును తల్లీ, దావ కనపడల్యా" అని నాయన ఏడ్చాడు. నాయన ఏడవడం నేను అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు.

అప్పుడు కనిపించింది. వైపరే లేని ఎడమ పక్క, అద్దం మీద విసనకర్రంత జాగా తేటగా ఉంది. నీళ్ళు పడుతున్నాయి, పడినవి పడినట్టే తుడుచుకుపోతున్నాయి. నొప్పుల్లో ఉన్నదానికి ఏదో తోచిందిలే అంటారేమో. నాయన కూడా చూశాడు. ఎడమకు ఒరిగి, మెడ చాచి, అందులోంచి రోడ్డు అంచున పాతిన తెల్ల రాళ్ళు చూసుకుంటూ మెల్లగా వంక దాటించాడు.

కడుపు కోసి పాపను తీశారు. ఇద్దరం బతికాం.

అంతా గాలివాటం అంటాడు మా ఆయన. ఆ గాలి నాయన పక్క అద్దాన్ని ఎందుకు తుడవలేదని నేను అడుగుతుంటాను.

నేను లేచి తిరిగేసరికి కారుకు రెండు వైపర్లున్నాయి. ఎడమదానికి కడ్డీ కూడా కొత్తది. మళ్ళీ కరువే వచ్చింది. అయినా నాయన రబ్బర్లు చెంపకు రాసి చూసుకుని రెండేసి కొనేవాడు.

"ఈడ వాన యాడుండాది నాయనా, రెండెందుకు?" అని ఒకసారి ఆట పట్టించాను.

ఖాళీ సీటు వైపు చూసి అన్నాడు.

"మీయమ్మ దావ చూడొద్దా?"