ఒకే పేరున్న రెండు కంచాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క వెండి కంచం అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లె మాది; ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. వానను నమ్ముకున్న ఇంట్లో వెండి కంచమంటే మాటలా! మా అవ్వ, అంటే నాన్న తల్లి, దాని మీద మమ్మల్ని చెయ్యి కూడా వెయ్యనిచ్చేది కాదు.

విరుదునగర్‌లో పెద్దమ్మ కూతురి పెళ్ళికి అమ్మ ఆ కంచం తీసుకెళ్ళింది. కొత్త అల్లుడికీ అతని తండ్రికీ పక్కపక్కన వెండిలో వడ్డించాలని పెద్దమ్మ అడిగింది. తిరకాసంతా ఇక్కడే ఉంది. పెద్దమ్మ అంటే అమ్మకు పెదనాన్న కూతురు. మావాళ్ళలో మొదటి ఆడపిల్లకు తండ్రి తల్లి పేరే పెడతారు కనుక అన్నదమ్ములిద్దరూ తమ కూతుళ్ళకు ఆ ఒక్క పేరే పెట్టేశారు. ఇద్దరి కంచాల అడుగునా ఆ పేరునే తమిళ అక్షరాల్లో చుక్కలుగా కొట్టించారు.

విందు అయ్యాక రెండూ తోమి, అమ్మది ఎర్రగుడ్డలో, పెద్దమ్మది తెల్లగుడ్డలో చుట్టే పని నాకు పడింది. తొమ్మిదేళ్ళ పిల్లను, బయట పిల్లలు ఆడుతున్నారు. రెండింటినీ కలిపి చింతపండుతో తోమేసి, అడుగున అమ్మ పేరు చూసి మరీ ఎర్రగుడ్డలో చుట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండోది చుడుతుంటే దాని మీదా అదే పేరు కనిపించింది. ఎవరికీ చెప్పకుండా రెండు మూటలూ కట్టేసి ఆటకు పరుగెత్తాను.

ఇంటికి వచ్చాక అవ్వ కంచాన్ని అరచేతిలో ఎత్తి చూసింది. బరువు తగ్గింది.

“బరువు తట్టు నీ పుట్టింటోళ్ళకిచ్చి, ఈ రేకు నాకు తెస్తివా?” అంది అమ్మతో. మా వైపు కంచాన్ని తట్టు అంటారు.

అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మూడు రోజులు అవ్వ ఆమె చేతి నీళ్ళు ముట్టలేదు. నిజం చెబితే నా వీపు పగిలిపోతుంది, మళ్ళీ ఏ పెళ్ళికీ తీసుకుపోరు. చెప్పకపోతే అమ్మ దొంగ అవుతుంది. ఇంట్లో ఎటు తిరిగినా అమ్మ ముఖమే ఎదురయ్యేది. పారిపోదామంటే ఎక్కడికని?

నాలుగో రోజు అవ్వ కోవిల్‌పట్టి నుంచి ముసలి ఆచారిని పిలిపించింది. అమ్మ కంచం చేసింది ఆయన తండ్రే. ఇది అదేనని చెప్పెయ్యి స్వామీ అని నేను లోపల్లోపల దణ్ణాలు పెడుతున్నాను. ఆయన కంచం బోర్లించి, అంచు వెంట గోరు నడిపించి, ఎండకు వాల్చి చూశాడు. తన తండ్రి సుత్తితో సాగగొట్టేవాడట, అడుగున నడిమధ్య కొట్టే చుక్క పక్కన బియ్యపుగింజంత చిలక ముద్ర వేసేవాడట. దీనికి సుత్తి దెబ్బలు లేవు, మరలో తిప్పిన సన్నగీతలున్నాయి. చిలక ఉండాల్సిన చోట మదురై అంగడి ముద్ర ఉంది. ఇది మా నాయన చేసింది కాదు అని తేల్చేశాడు.

నేను నమ్ముకున్న మనిషే అమ్మను ముంచేశాడు. అవ్వ అమ్మ వైపు తిరిగింది. అప్పుడాయన కంచం అవ్వ చేతికిస్తూ, “చేసినోడెవురో తట్టు చెప్తాది తల్లీ. మార్చినోడెవురో దాంట్లో ఉండదు” అన్నాడు.

అంతే, నేను భోరుమన్నాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. అవ్వ ఎత్తిన చెయ్యి పరాయి మనిషి ఎదుట ఉన్నాడని దించేసింది. ఆ వారమే మా నాన్న వెళ్ళి కంచాలు మార్చుకొచ్చాడు.

ఆచారి వెళ్ళాక అమ్మ నా ముఖం తుడిచింది. “బస్సులో ఒళ్ళో పెట్టుకున్నప్పుడే తెలిసె నాకు. నువ్వే చెప్తావేమోనని చూస్తా ఉంటిని” అంది. కోపం లేదు, మెప్పూ లేదు. దెబ్బలు తిని ఉంటే వచ్చేదానికంటే ఎక్కువ ఏడుపొచ్చింది నాకు.

ఇప్పుడు నేనే అవ్వను. మనవలు ఏదైనా పాడుచేస్తే ఎవరి పనో నాకు తెలిసిపోతుంది. అడగను, వాళ్ళే చెప్పాలని చూస్తాను. సాయంత్రమయ్యేసరికి ఓపిక చచ్చి నేనే అరిచేస్తాను. మాట పడుతూ మూడు రోజులు ఆగడం అమ్మకెలా చేతనయిందో, ఈ వయసొచ్చినా నాకు అంతు పట్టలేదు.