ఎర్రపట్టెల బోరింగు

ఎరుపు అంటే ప్రమాదం అని మీకు ఎవరు చెప్పారు? బడిలో పంతులా, కూడలిలో దీపమా, మాత్రల అట్ట మీది గీతా? ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్లు దాటాయి. అప్పటికే టౌనులో హేతువాదుల ఆదివారం చర్చల్లో దేవుడి మీద, జాతకాల మీద, ముహూర్తాల మీద గంటల తరబడి వాదించినవాణ్ణి. నా తర్కంలో తప్పు పట్టగలిగిన మనుషులు తక్కువ. చివరికి ఆ తప్పు ఒక బోరింగు పట్టింది.

గుమ్మఘట్ట దారిలో ఒక పల్లె. మా అక్కను ఇచ్చిన ఊరు. వీధి మొదట్లో బోరింగు, వీధి చివర ఈమధ్య కట్టిన, పైపు నీళ్లు వచ్చే ట్యాంకు. నీళ్లు పరీక్షించేవాళ్లు వచ్చి, బోరింగు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని, బట్టలకూ అంట్లకూ తప్ప తాగడానికి పనికిరావని తేల్చారు. ఆ మాట ఊరందరికీ తెలిసేలా బోరింగు మీద గుర్తు వేయించే పని మా చర్చా బృందం నెత్తికెత్తుకుంది. ముందు చెయ్యి ఎత్తింది నేనే.

బోరింగుకు ఎదురింట్లో ఉండే ఇల్లాలికి ఇద్దరు కూతుళ్లు. పెద్దదానికి పదేళ్లు. ముందరి పళ్ల మీద ఇటుకరంగు చారలు. ఆ పిల్లకు నవ్వు వస్తే ముందు అరచెయ్యి నోటి మీదికి వెళ్లేది, తర్వాతే నవ్వు బయటికి వచ్చేది. అత్తగారి వైపు వాళ్ల పళ్లే అంతని తల్లి అనుకునేది. చిన్నదానికి మూడేళ్లు. దాని పాలపళ్లు తెల్లగానే ఉన్నాయి. కానీ అసలు పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసు అదే. అప్పుడు తాగే నీళ్లే వాటి రంగును తేలుస్తాయి. ఈ చిన్నదైనా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వితే చాలని ఆమె మా అక్కతో చాలాసార్లు అన్నదట.

రంగు వేయాల్సింది మా బావ. రాయదుర్గంలో ఆయనకు బోర్డులు రాసే చిన్న షాపు ఉంది. చిత్రకళ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. షాపు వెనకగోడ చూస్తే ఆయన గురువులెవరో తెలుస్తుంది. పురుగుమందు డబ్బాల నుంచి కత్తిరించిన ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు, వేరుశనగ విత్తనం సంచుల చీటీలు, అగ్గిపెట్టెల బొమ్మలు, తెలుగూ కన్నడమూ పక్కపక్కన రాసిన పాత బస్సు బోర్డు ఒకటి. ఒకసారి అందరం లేపాక్షి వెళ్లాం. మేమంతా నందిని చూస్తుంటే ఆయన చెప్పులు వదిలే చోట పెట్టిన బొమ్మ ముందు నిలబడిపోయాడు. చెప్పుల జత గీసి, మీద అడ్డగీత కొట్టారు. అక్కడ చెప్పులు పెట్టాలో పెట్టకూడదో తెలియక ఒక ముసలాయన చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు. బావకు ఆ రోజంతా అదే ముచ్చట.

అలాంటి మనిషి మాట నేను వినలేదు. బోరింగు దూరం నుంచే కళ్లకు కొట్టాలని, ఎరుపు తెలుపు నిలువుపట్టెలు వేయమని చెప్పాను. ఆ రెండు రంగులూ ఆడ వద్దు బామ్మర్దీ, ఇంకోటి ఏమన్నా చూస్తాం అన్నాడాయన. ప్రపంచమంతటా ఎరుపంటే హెచ్చరికేనని వాదించాను. ఆయన తల ఊపి డబ్బా మూత తీశాడు. వాదనలో గెలిచాననుకున్నాను.

ఆ సాయంత్రం పాలకేంద్రం అరుగు మీద గంటసేపు మాట్లాడాను కూడా. ఎముకల గురించి, పళ్ల గురించి, నీటి రసాయనం గురించి. చప్పట్లు బాగానే పడ్డాయి. ముప్పై మంది దాకా వచ్చారు, అంతా మగవాళ్లే. ఆడవాళ్లు ఆ పొద్దు శనక్కాయలు పీకే పనికి పోయి ఇంకా రాలేదు. వచ్చిన ముప్పై మందిలో ఒక్కరూ జన్మలో బిందె మోసినవారు కారు. నాకు ఆ ఆలోచనే తట్టలేదు.

నెల తర్వాత బావతో కలిసి మళ్లీ వెళ్లాను. బోరింగు దగ్గర జనం ఉన్నారు. దాని మెడకు గాజులదండ, వేపమండ. పట్టెల మీద పసుపు, కుంకుమ బొట్లు. కింద కొట్టిన కొబ్బరికాయ చిప్పలు. ఎదురింటి ఇల్లాలు బిందె నింపుకుంటోంది. తాగడానికేనా అని అడిగాను.

"అవున్నా. అమ్మ మా ఇంటి ముందరే వెలసినాది, ఇంక ట్యాంకు కాడికి యాల పోవల్ల? తెల్లారితోనే చిన్నదానికి ఒక గ్లాసు తాపుతాండా. పళ్లు బాగొస్తాయంట."

గుర్తు పెట్టక ముందు ఆ పసిది ఎప్పుడో ఒకసారి తాగేది. ఇప్పుడు రోజూ పరగడుపున తాగుతోంది, మా రంగు చలవతో. అమ్మ వెలసిందని ఎవరు చెప్పారని అడిగితే, ఆమె నన్నే వింతగా చూసింది.

"మీరే గదా పట్టెలు కొట్టించినారు, గుడిగోడకు కొట్టినట్ల. చదువుకున్నోళ్లు ఊరికే కొట్టిస్తారా?"

బావ నా చెవి దగ్గరికి వంగాడు. "ఏమప్పా, దేవుడు లేడు లేడని ఊరంతా తిరిగి, ఆఖరికి నువ్వే ఒగమ్మను నిలబెట్టినావే."

నాకు ఒళ్లు మండింది. అక్కడికక్కడే ఉపన్యాసం ఎత్తుకునేవాణ్ణే. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపి, దాహంగా ఉందమ్మా, గ్లాసెడు నీళ్లిస్తావా అని ఆమె వెంట ఇంట్లోకి నడిచాడు. వంటింటి మూల ఇత్తడి బిందె, దాని మీద పళ్లెం, పళ్లెం మీద బోర్లించిన స్టీలు గ్లాసు. పెరట్లో స్నానాల బండ పక్కన బకెట్టు, పచ్చ ప్లాస్టిక్ మగ్గు. బావ మగ్గు వైపు చూపించి, దాంతో ముంచి ఇచ్చినా తాగుతానన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఛీ, అది దొడ్డికి పోయే మగ్గు అన్నది. బావ కళ్లు మెరవడం చూశాను. ఆయనకు బొమ్మ దొరికింది.

తర్వాత ఆయన ఆమెను ఒక్కటే అడిగాడు.

"నీ పళ్లు తెల్లగుండాయి గదమ్మా. పెద్దపాప ఏ నీళ్లు తాగి పెరిగినాది?"

ఆమె వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చిన మనిషి. వాకిట్లోకి వచ్చి బోరింగు వైపు చూసింది. అత్త, మొగుడు, ఆడబిడ్డ, పెద్ద కూతురు, ఒక్కొక్కరే మనసులో నడిచి ఉంటారు. "ఇవే" అంది.

బిందె ఎత్తి కాలువలోకి ఒంపేసింది. గాజులూ వేపమండా తానే తీసింది. అమ్మకు కోపం వస్తుందని అత్త గొణిగితే, అమ్మను మనింట్లో గూట్లో పెట్టుకుంటాం లే అత్తా, ఆడనే సల్లగుంటాది అని సర్దిచెప్పింది. నేను నోరు తెరిచాను. బావ నా కాలు తొక్కాడు. నోరు మూసుకున్నాను. పీచుతో కుంకుమంతా రుద్ది కడిగింది ఆమే.

అంత విచారణ, అంత నిర్ణయం ఒక వాకిట్లో జరిగింది. హేతువాదం అంటే ఇదేనని నేను ఇప్పటికీ అంటాను. దానికి నా గంట ఉపన్యాసం అక్కర్లేకపోయింది. సరైన ప్రశ్న ఒకటి సరిపోయింది.

మరునాడు బావ బోరింగుకు ఆ మగ్గు రంగే వేశాడు. వెనక సిమెంటు దిమ్మె మీద మగ్గు, బకెట్టు, కడిగించుకుంటున్న బర్రె. ట్యాంకు మీద ఇత్తడి బిందె, పళ్లెం, బోర్లించిన గ్లాసు. అక్షరం ఒక్కటీ రాయలేదు. వేసేటప్పుడే ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఈ నీళ్లు యాటికో, ఆ నీళ్లు యాటికో ఒకరికొకరు చెప్పుకున్నారు. మగ్గు బొమ్మకు బొట్టు పెట్టే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఆ చిన్నపిల్ల ఇప్పుడు మూడో తరగతి. ముందరి పళ్లు ఊడి కొత్తవి వచ్చాయి, రంపం పళ్లలా అంచులతో, తెల్లగా. మొన్న వెళ్లినప్పుడు ఆ దిమ్మె దగ్గరే కనిపించి, బర్రె మొహం అచ్చం నాలాగే ఉందని నాతోనే చెప్పి, నోరంతా తెరిచి నవ్వింది. బావ కావాలనే అలా వేశాడని నా అనుమానం. పక్కనే వాళ్లక్క కూడా నవ్వింది, అరచెయ్యి అడ్డం పెట్టుకునే. ఆ పిల్ల పళ్లు తయారయ్యే రోజుల్లో అక్కడ ఏ గుర్తూ లేదు.

మీరు రాయించిన బోర్డు, అతికించిన కాగితం, కొట్టించిన రంగు ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆఫీసు గోడ మీదో, ఆసుపత్రి తలుపు మీదో, కరెంటు పెట్టె మీదో. దాని దగ్గరికి ఇవాళే వెళ్లండి. చదువు రాని మనిషిని ఒకరిని ఆపి, ఇదేం చెబుతోందని అడగండి. అడిగి, మధ్యలో అందుకోకుండా వినండి. మీరు అనుకున్నదొకటి, ఆ మనిషి చెప్పిందొకటి అయితే, ఆ మనిషికి పాఠం మొదలుపెట్టకండి. రంగు డబ్బా తెచ్చి, మీ బోర్డు మీరే చెరిపేయండి.