ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం

బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను నల్లగొండ దవాఖానలో డ్యూటీలో ఉన్నాను. "ఎట్లయిందక్కా?" అని అడిగితే, "కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండే" అంది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ మనిషి కుర్చీలో కుదురుగా కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. అన్నం తింటూ మధ్యలో లేచి, కంచం చేత్తో పట్టుకొని వాకిట్లోకి వెళ్లి, ఏదో చూసి వచ్చేవాడు. పేపరు నడుస్తూ చదివేవాడు. అలాంటివాడు పోవడానికి మాత్రం కూర్చున్నాడట.

ఫోన్ పెట్టేశాక వార్డులో ఈ కొస నుంచి ఆ కొసకు తిరగడం మొదలుపెట్టాను. చావులు చూడని మనిషిని కాదు, నర్సుని. అయినా కాళ్లు నిలవలేదు. మంచం మీదున్న ఒక అవ్వ, "బిడ్డా, నువ్వట్ల తిరుగుతుంటె నాకే గుబులైతాంది. జర కూసోరాదు" అంది. కూర్చోలేకపోయాను. ఈ నాలుగు మాటలు రాస్తూ కూడా లేచి, వంటింట్లోకి వెళ్లి, ఎందుకు వెళ్లానో మరిచిపోయి, మళ్లీ వచ్చి రాస్తున్నాను. ఇది నాకు బావ దగ్గర్నుంచి అంటుకున్న రోగమే.

ఆయన మా అక్క మొగుడు. మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు సారు కూడా. దీంతో నాకు పెద్ద తిప్పలొచ్చింది. ఇంట్లో "బావా" అని వేళాకోళమాడాలి, బడిలో "సార్" అని చేతులు కట్టుకోవాలి. ఒకసారి పొద్దున ప్రార్థన దగ్గర నోరు జారి "బావా" అన్నాను. బడి బడంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. "గ్రౌండు సుట్టు ఉరుకు. నేను సాలనేదాక" అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి "కాళ్లు గుంజుతున్నయా మరదలా?" అని అడిగి, నువ్వుల నూనె గిన్నె నా ముందుకు జరిపాడు. మర్నాడు బడిలో మళ్లీ నేనెవరో ఎరగనట్టే ఉన్నాడు.

అవి ఎనభైల చివరి రోజులు. ఎండలు ముదరకముందే ఏటా ఆయన ఒక సైకిల్ పందెం పెట్టేవాడు. రోడ్డు మీద కాదు. "రోడ్డు మీద ఎవడన్న తొక్కుతడు, అండ్ల మజా ఏముంది?" అనేవాడు. బడి దగ్గర మొదలై, గుట్ట ఎక్కి, అవతలి వైపు రాళ్ల దారిలో దిగి, వాగు ఇసుక చేరితే పందెం అయిపోయినట్టు. అది బండ్లు పోయే దారి కాదు, మేకలు పోయే దారి. మగపిల్లలు మోకాళ్లు పగలగొట్టుకొని, హ్యాండిళ్లు వంకర చేసుకొని, ఏదో ఘనకార్యం చేసినట్టు కుంటుకుంటూ వచ్చేవాళ్లు.

ఆ ఏడు నా పదో తరగతి అయిపోవస్తోంది. కాలేజీ కల్వకుర్తిలో ఉంది. రోడ్డున పోవాలంటే గుట్ట చుట్టూ తిరగాలి, ఆ బస్సును నమ్ముకుంటే సగం క్లాసులు పోతాయి. గుట్ట దాటి వాగు దాటితే దగ్గర. బాపు వద్దన్నాడు. ఆయనకు చదువు మీద కోపం లేదు, గుట్ట మీదే భయం. "గా రాళ్లల్ల సైకిల్ మీదికెల్లి వడితె, కేకేసినా ఇనెటోడుండడు. నాకు సదువుకంటె పిల్ల ముఖ్యం" అన్నాడు. ఎదురు చెప్పడానికి వీల్లేని మాట. నేను మూల నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాను.

అప్పుడు బావ గడప దగ్గర్నుంచి, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకొని, "మామా, ఈసారి పందెంల పిల్లను దించుత. బడికాడికెల్లి వాగుదాక కాలు కింద వెట్టకుండ వస్తె కాలేజికి తోలుతవా?" అన్నాడు.

బాపు బీడీ నేలకు రాసి ఆర్పాడు. "కాలు కింద వెట్టకుండ?"

"వెట్టకుండ."

"ఒక్కపారి వెట్టినా మల్ల నన్ను అడుగొద్దు మరి."

నన్నెవరూ అడగలేదు. గెలవాల్సిన పని లేదు, కాలు నేలకు ఆనకూడదు, అంతే. అంతే అనుకోవడానికి బాగానే ఉంది కానీ, అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

ఇక సైకిల్‌కు ఏ చక్రాలు వేయాలి? బావది నల్లని పెద్ద సైకిల్. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు. సైకిళ్లు కిరాయికిచ్చే చాచా దుకాణంలో ఇరవై నాలుగు అంగుళాల చిన్నవి దొరికాయి. చిన్న చక్రాలైతే నా కాళ్ల బలానికి గుట్ట ఎక్కడం తేలిక, వంపుల్లో చటుక్కున తిరుగుతాయి. కానీ దిగేటప్పుడు రెండు రాళ్ల నడుమ దిగబడతాయి, దిగబడితే కాలు కింద పెట్టక తప్పదు. పెద్ద చక్రాలైతే రాళ్ల మీంచి దొర్లుకుంటూ పోతాయి, కానీ అవి పైదాకా ఎక్కేసరికి నా ప్రాణం పోతుంది. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. బావ కాలుగాలిన పిల్లి అయిపోయాడు.

ఆయన ఏం చేశాడంటే, రెండు ఒట్టి చక్రాలు పట్టుకొని గుట్ట ఎక్కాడు. పిల్లలు టైర్లు దొర్లించుకున్నట్టు, కట్టెతో ఒక దెబ్బ వేసి వాటిని కిందికి వదిలేవాడు. ఏది ఏ రాయి దగ్గర పడిందో చూసి, ఉరికి, రెండింటినీ భుజానేసుకొని మళ్లీ పైకి. ఒంటి మీద తెల్ల నిక్కరు, మెడలో విజిలు. మేకలు కాసేవాళ్లు సారుకు గాలి సోకిందని ఊళ్లో చెప్పారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

చాచా దుకాణంలో పొద్దున పెద్ద చక్రాలు ఎక్కించేవాడు, మధ్యాహ్నానికి విప్పించి చిన్నవి వేయించేవాడు. "సారూ, జర ఒక్క తాన నిలవడున్రి. మీరు తిరుగుతుంటె నాకు కండ్లు తిరుగుతున్నయ్" అని చాచా మొత్తుకునేవాడు. ఇంట్లో అక్క, "నన్ను చేసుకునేటప్పుడు గూడ గింత ఆలోచన చెయ్యలే ఈయన" అని సణిగింది. "చేస్తె చేసుకునేటోడా?" అన్నాను నేను. అక్క గరిటె ఎత్తింది.

రోజూ సాయంత్రం నన్ను గుట్ట మీదికి తీసుకుపోయేవాడు. అవతల దిగే దారి సగంలో ఒక తుమ్మచెట్టు దగ్గర మలుపు ఉండేది. అక్కడ బుర్రకాయలంత రాళ్లు దారి నిండా పడి ఉండేవి. పెద్ద చక్రాలతో వెళ్లినా పడ్డాను, చిన్న చక్రాలతో వెళ్లినా పడ్డాను. పడ్డ ప్రతిసారీ ఒకటే మాట. "రాయిని సూడకు పిల్లా. రాయిని సూస్తె సైకిల్ రాయి మీదికే పోతది. రాయి పక్కన జాగ ఉంటది, అది సూడు." జాగా ఎక్కడుందని నేను ఏడ్చేదాన్ని. "ఉంటది. సూడాలె" అనేవాడు. ఆ మనిషిని అప్పుడు ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు.

పందెం ముందురోజు సాయంత్రానికి కూడా ఏ సంగతీ తేలలేదు. తెల్లారి బడి దగ్గరికి వెళ్లి చూద్దును కదా, సైకిల్‌కు ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం! కూర్చున్న కుక్కలా ముందు ఎత్తుగా వెనక పల్లంగా ఉంది. మగపిల్లలు కడుపులు పట్టుకొని నవ్వారు. బావ రెండు అరచేతులకూ గుడ్డపీలికలు చుట్టుకొని ఉన్నాడు. ఏమైంది బావా అంటే, "నట్లు ఇప్పి ఇప్పి బొబ్బలెక్కినయ్" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎనక బ్రేకు లేదు. చిన్న చక్రానికి అందుతలేదు. ముందుది గట్టిగ వట్టకు, బోర్ల పడ్తవు" అన్నాడు.

"మరెట్ల ఆపాలె?"

"ఎందుకాపుతవు? పో" అని విజిల్ ఊదాడు.

ఎక్కడం నేను అనుకున్నంత కష్టం కాలేదు. వెనక చిన్న చక్రం కాబట్టి కాళ్లు ఆడాయి. పైకి చేరేసరికి సగం మంది మగపిల్లలు దిగి సైకిళ్లు తోస్తున్నారు. దిగడం మొదలయ్యాక మాత్రం హ్యాండిల్‌ను రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. తుమ్మ మలుపు వస్తోంది. జాగా చూడాలి, జాగా చూడాలి అనుకుంటూ పళ్లు బిగబట్టాను. ఆశ్చర్యం, పెద్ద చక్రం ఎక్కడా తగలకుండా, నున్నటి నేల మీద పోయినట్టు పోయింది. శభాష్ అనుకున్నాను చక్రాన్ని. ఆ కింద ఏటవాలు. సైకిల్ నా మాట వినడం మానేసింది. ముందు బ్రేకు పట్టడానికి భయమేసి, కుడికాలి చెప్పును వెనక టైరుకు ఆనించి నొక్కాను. రబ్బరు కాలిన వాసన. మడమ మండిపోతోంది. అట్లాగే నొక్కుకుంటూ, కేకలు పెట్టుకుంటూ వాగు ఇసుకలో దిగబడి, సైకిల్‌తో సహా పక్కకు ఒరిగాను.

"కాలు వెట్టింది! నేను సూసిన!" అని వెనక ఎవడో అరిచాడు. బాపు ఒడ్డు మీద నిలబడి ఉన్నాడు. దగ్గరికి వచ్చి నా చెప్పు తీసి చూశాడు. అడుగున రంధ్రం పడి, మడమ చెక్కుకుపోయి ఉంది. నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

"కాలు టైరుకు ఆనింది గని మన్నుకు ఆనలే" అన్నాడు బాపు. "మాటంటె మాటే. పోని కాలేజికి." అని తువ్వాల దులుపుకొని వెళ్లిపోయాడు. బావ విజిల్ నోట్లోనే పెట్టుకొని, ఊదకుండా, ఇసుకలో గిరగిరా తిరుగుతున్నాడు.

చాచా వెనక బ్రేకు సరిచేసి ఇచ్చాడు. కాలేజీ చదువంతా ఆ కుక్క సైకిల్ మీదే, ఆ గుట్ట మీదుగానే సాగింది. ఒక్కసారి కూడా తుమ్మ మలుపులో పడలేదు. తర్వాత నర్సింగు, తర్వాత ఉద్యోగం, మిగతాదంతా. నా కాళ్ల మీద నేను నిలబడ్డానంటే అది ఆ గుట్ట దిగాకనే. ఈ మాట బావకు ఎదురుగా ఎన్నడూ చెప్పలేదు. చెప్పేదాకా ఆయన ఒక చోట నిలిస్తే కదా.

కలిసినప్పుడల్లా ఆయన మాత్రం ఒకటే అడిగేవాడు. "ఏం మరదలా, ఆ రోజు నిన్ను దించింది ముందు చక్రమా, ఎనక చక్రమా?" ముందుదే అనేదాన్ని. "జర ఆలోచన చేసి చెప్పు" అని నవ్వి, వాకిట్లోకి వెళ్లిపోయేవాడు. ఈమధ్య మా వీధి పిల్లలు గేర్ల సైకిళ్లకు పెద్ద చక్రం మంచిదా చిన్న చక్రం మంచిదా అని వాదించుకుంటుంటే, నేను పనిగట్టుకొని వెళ్లి, ముందు పెద్దది వెనక చిన్నది పెట్టుకోండ్రా అని తీర్పు చెప్పి వచ్చాను.

దినాలు అయిపోయిన మర్నాడు అక్కా నేనూ ఇంటి వెనక రేకుల షెడ్డు సర్దుతున్నాం. గోడకు మేకుల మీద రెండు చక్రాలు వేలాడుతున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ రోజు వాడకుండా మిగిలిన జత. "ఏదేమన్నా గానీ అక్కా, ముందు పెద్ద చక్రం పెట్టడం బావ తెలివే" అన్నాను.

అక్క చీపురు ఆపింది. "ఏం చక్రమే పిచ్చిదానా! ఏది ఎక్కియ్యాల్నో తేలక, తెల్లారకముందే మబ్బుల లేచి గడ్డపార వట్టుకొని గుట్ట మీదికి వోయిండు. దారిల రాళ్లన్ని పెకిలిచ్చి పక్కకు దొర్లిచ్చి వచ్చిండు. అరచేతులు రక్తాలు. బాపు గడ్డికి వోతు సూసిండంట. ఏంది అల్లుడా అని అడగలేదంట, తువ్వాల నడుముకు కట్టి తాను గూడ ఒక చెయ్యేసిండంట."

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"ఒట్టు వెట్టిచ్చుకున్నడు. 'దానికి చక్రం మీద నమ్మకం ఉండనియ్యి. రాళ్లు తీసిన్నని తెలిస్తె, రేపు ఇంకో గుట్ట కాడ నాకోసం ఎదురు సూస్తది' అన్నడు."

నేను ఇక షెడ్డులో నిలవలేకపోయాను. పెద్ద చక్రాన్ని భుజానేసుకొని గుట్ట ఎక్కాను. ఇప్పుడు వాగు మీద వంతెన పడింది, అటు మేకలు కూడా తక్కువే పోతున్నాయి. తుమ్మచెట్టు లేదు, మొద్దు ఉంది. కాలేజీకి పోయిన అన్ని రోజులూ ఈ మలుపు మీదుగానే పోయాను. జాగా చూడమన్నాడు, చూశాను. రాళ్లు ఎక్కడికి పోయాయో చూడలేదు. అవి దారికి రెండు వైపులా, గడ్డిలో సగం కూరుకుపోయి, వరుసగా ఉన్నాయి.

చక్రాన్ని నిలబెట్టి వదిలాను. గాలి లేని టైరుతో అది కాస్త తడబడింది, తర్వాత సర్దుకుంది. రెండు వరుసల రాళ్ల నడుమ, ఎక్కడా తగలకుండా, వాగు వైపు దొర్లుతూనే పోయింది.