పెద్దసారు అనని మాట

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము నాచారంలో ఉండేవాళ్లం. నా కొడుకు యాదగిరి అక్కడి ఒక ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్. ఉప్పల్‌లో ఫైనల్ గెలిస్తేనే వాడి ఉద్యోగం పర్మినెంటు అవుతుందన్నారు. నేనూ చూడటానికి వెళ్లి మావాళ్ల బెంచీ వెనకే నిలబడ్డాను.

మొదటి సగంలోనే బంతి వాడి కాళ్ల సందులోంచి దూరి గోలైంది. విరామంలో పెద్దకోచ్ తమిళంలో మండిపడ్డాడు. "వీడు గోలీ కాదు, జల్లెడ. ఇంకొకడుంటే వీణ్ని ఇప్పుడే తరిమేసేవాణ్ని. ఈ మాట వాడికి చెప్పు" అన్నాడు. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు గానీ, మద్రాసులో ఇటుకలు మోసినదాన్ని కాబట్టి తమిళం తెలుసు.

దాన్ని తెలుగులో చెప్పాల్సింది అసిస్టెంటు కోచ్ నర్సింగన్న. ఒకప్పుడు పేరున్న ఆటగాడు. ఎందరో పెద్దకోచ్‌ల పక్కన పనిచేస్తూనే ముసలివాడయ్యాడు. ఆయన మావాడి భుజం మీద చెయ్యేసి, "ఇంకో గోలీ ఉన్నా గూడ నిన్నే నిలవెడ్తడట పెద్దసారు. జర నిమ్మలంగ ఆడు బిడ్డా" అన్నాడు.

నేను నోరు తెరుచుకుని చూశాను. రెండో సగంలో మావాళ్లు రెండు గోల్స్ కొట్టారు. చివర్లో వచ్చిన పెనాల్టీని యాదగిరి గాల్లోకి ఎగిరి ఆపాడు. గెలిచాం.

తర్వాత నర్సింగన్నను పక్కకు పిలిచి అడిగాను.

"గట్లెందుకు జెప్పినవన్నా? నాకు తమిళం సమజైతది."

ఆయన నవ్వాడు. "నేను ఆడేటప్పుడు నాకు ఉన్నదున్నట్టే జెప్పిన్రు చెల్లే" అన్నాడు.

అంత పెద్ద మనసున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మావాడు కూడా ఇప్పుడు కోచే. అసలు మాట వాడికి తెలియాలనే ఇది రాస్తున్నాను.