బిగించని బోల్టు

బొటనవేలంత బోల్టు ఒకటి ఇన్నేళ్లుగా నన్ను ఒక చోట నిలవనివ్వడం లేదు. మా ఆవిడకు చెప్పలేదు. షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలననిపిస్తోందేమో. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తోచడం లేదు. కూర్చున్నాను, లేచాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

హిందూపురం బస్టాండు దగ్గర ఒక షెడ్డులో మెకానిక్‌ని నేను. పని తెలిసినవాణ్నన్న పొగరు నాకు మొదటి నుంచీ ఉంది, దాచను. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే సెట్టిగారు తన నల్లకారును రిపేరుకు మా దగ్గరికే పంపేవాడు. దాని డ్రైవరు ఓబులేసు నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. స్టీరింగు ముట్టుకునే ముందు చేతులు తుండుగుడ్డకు తుడుచుకునేవాడు. ఆ కారంటే అతనికి ప్రాణం.

ఒకనాడు సెట్టిగారు కూడా ఆ కార్లోనే వచ్చాడు. కారు గరగరమంటోంది.

"పెనుకొండ మిట్ట ఎక్కేటప్పుడు మొదలైందబ్బా. యాక్సిలేటర్ తొక్కితే ఎనక అరుస్తాండాది. కాలు తీస్తే గమ్మునుంటాది," అన్నాడు ఓబులేసు.

పక్కన కూర్చుని నడిపించి చూశాను. అతను చెప్పింది నిజమే. ఇంజను కాదు, ఎందుకంటే బండి నిలబెట్టి ఎంత రేజ్ చేసినా ఆ శబ్దం రాలేదు. వెనక చక్రాలు జాకీల మీదికి లేపి, గేరు వేయించి చక్రాలు తిరుగుతుండగా, ఆ రెండు చక్రాల మధ్య ఉండే గుండ్రటి గేర్ల డబ్బాకు స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాను. రోగం అక్కడే ఉంది. మా ఓనరు, సెట్టిగారు, దారిన పోయేవాళ్లు చుట్టూ మూగి నన్నే చూస్తున్నారు. ఆ చూపులు నాకు బాగున్నాయి. అది కూడా చెప్పాలి కదా?

ఇంజను ఆపించి కిందికి దూరాను. పాత ఆయిల్ వదలడానికి ఆ డబ్బా అడుగున ఒక బోల్టు ఉంటుంది. స్పానరు వేయబోతే వేళ్లకే తిరిగి వచ్చేసింది. లోపల ఆయిల్ చుక్క లేదు. ఆయిల్ లేక గేర్ల పళ్లు ఒకదాన్నొకటి తినేశాయి.

అంతకుముందు దానికి ఆయిల్ మార్చింది నేనే. బోల్టును చేత్తో తిప్పి పెట్టి, కాఫీ తాగొచ్చి బిగిద్దామనుకున్నాను. వచ్చాక కొత్త ఆయిల్ పోశాను, జాకీ దించాను, పంపించేశాను. బిగించలేదేమోనని నేను ఒక్కసారి కూడా అనుమానపడలేదు. నాలాంటివాడు మరిచిపోవడమా?

కారు కిందే ఉన్నాను. బయట సెట్టిగారి చెప్పులు కనబడుతున్నాయి. వాటి పక్కన ఓబులేసు పాదాలు.

"ఏమప్పా, ఏమైండాది?" అన్నాడు సెట్టిగారు.

"గేర్లు అరిగిపోయినాయి సామీ."

"ఎట్ల అరిగినాయి?"

చెప్పేయొచ్చు. నోటి దాకా వచ్చింది.

"మిట్టలో గట్టిగా తొక్కినాడు సామీ. అంత బరువు గేర్లు యాడ తట్టుకుంటాయి?" అన్నాను. అంటూనే, ఎవరికీ కనబడకుండా, ఆ బోల్టును బిగించాను.

ఓబులేసు పాదాలు కదల్లేదు. సెట్టిగారు ఆ రోజే తాళాలు తీసుకుని అతన్ని పనిలోంచి తీసేశాడు.

బెంగుళూరు నుంచి కొత్త గేర్లు తెప్పించి బిగించాను. కారు చప్పుడు లేకుండా మిట్ట ఎక్కింది. చెవి పెట్టి రోగం చెప్పేస్తాడని ఊళ్లో నాకు పేరొచ్చింది. ఉద్యోగం పోతుందని భయపడి అబద్ధమాడానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మా ఓనరు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. పోయేది నా పేరే. ఆ పేరు కోసం ఒక మనిషి నోటి దగ్గర కూడు తీశాను.

అక్కడితో అయిపోతే ఇంత అవస్థ ఉండేది కాదేమో. కొన్నాళ్లకు ఓబులేసు షెడ్డుకు వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"నేను యాడ తప్పు చేసినానో చెప్పబ్బా. ఇంకోసారి చెయ్యను," అన్నాడు.

నేను పాఠం చెప్పాను! కాలు ఎంత మెల్లగా ఆనించాలో, మిట్టలో ఎందుకు తొందరపడకూడదో వివరంగా చెప్పాను. అతను వట్టి నేల మీదే పాదం ఆనించి, ఎత్తి, మళ్లీ ఆనించి నేర్చుకున్నాడు. "ఇట్లనా?" అని అడిగాడు. "ఇంకా మెల్లగా అన్నా," అన్నాను. ఏ తప్పూ లేని కాలును నేను దిద్దుతున్నాను. నాకు సిగ్గెందుకు రాలేదు? వచ్చింది. వచ్చినా ఆపలేదు.

తర్వాత అతనికి లారీ పని దొరికిందట. పెనుకొండ మిట్టలో కాలు వణికి, బండి నడిదారిలో ఆపేశాడట. మళ్లీ స్టీరింగు పట్టలేదు.

మొన్న ధర్మవరంలో రైలు దిగి జట్కా ఎక్కాను. తోలేవాడు వెనక్కి తిరిగి చూసి, "నువ్వా అబ్బా!" అన్నాడు. ఓబులేసే. జుట్టు తెల్లబడింది. దారిలో చిన్న మిట్ట వచ్చింది. అతను కిందికి దూకి, కళ్లెం పట్టుకుని గుర్రం పక్కన నడవసాగాడు.

"ఎందుకన్నా దిగినావు?"

"గుర్రానికి బరువెందుకని. మిట్టలో తొందరపెట్టకూడదని నువ్వే కదా చెప్పింది. మరిచిపోతానా?" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. నన్ను గురువనుకుంటున్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. "ఎండ జాస్తిగా ఉండాది," అన్నాను.

అతను రోజూ ఆ స్టేషను బయటే ఉంటాడు, పోయి చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పొచ్చు. చెబితే క్షమిస్తాడేమో, ఆ భయం కూడా ఉంది. పోతానో లేదో నాకే తెలియదు. ఇంతవరకూ ఏ మనిషి ముందూ పలకని మాట ఇప్పుడు మీ ముందు పెట్టాను, ఊపిరి కాస్త ఆడుతోంది. ఓబులేసు కాలిలో ఏ తప్పూ లేదు. ఆ బోల్టు బిగించనిది నేను.