మావయ్య గొంతున్న డీవీడీ

మొన్న నా పరువెలా పోనాదో చెప్తాను, టీ తాగుతూ వినండి. ఇంట్లో పోతే సర్దుకుందును. విజయనగరం కోట జంక్షన్లో, నలుగురి ముందూ పోనాది!

నేను సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని కదా. మా వీధిలో ఎవరి ఫోన్ హ్యాంగైనా నా దగ్గరికే తెస్తారు. నేనూ కాలు మీద కాలేసుకుని పోజు కొడతాను.

సిరిమాను జాతర చూడ్డానికి కళింగపట్నం నుంచి మా అత్త వచ్చినాది. అత్తంటే సొంత మేనత్తే, మా ఆవిడ సుజాతకి అమ్మ. పండగ చూసీసి మర్నాడు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి. ఆ పొద్దున్న ఇడ్లీ తింటూ అడిగినాది.

"ఒరే రవీ, మీ పెళ్ళి సీడీ ఓపాలి ఎయ్‌రా. మీ మావయ్య మాట ఇని నాలుగేళ్ళయిపోనాది."

మావయ్య పోయి నాలుగేళ్ళు. ఫొటోలు బోలెడున్నాయి గానీ, గొంతు మాత్రం ఆ పెళ్ళి డీవీడీలోనే ఉన్నాది. అత్త ఇన్నేళ్ళలో నన్నేదీ అడగలేదు. నాకు మనసు కరిగిపోనాది.

"అదెంత పనత్తా! రెండు నిమిషాలు" అనీసాను.

డీవీడీ డ్రైవున్న పాత లాప్‌టాప్ తీసి, డిస్క్ పెట్టాను. గుర్రుమన్నాది, టిక్కుటిక్కుమన్నాది, ఊరుకున్నాది. డిస్క్ పెట్టమని స్క్రీన్ మీద మెసేజ్! పెట్టాను కదరా బాబూ! తీసి, లుంగీతో తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే టిక్కుటిక్కు.

"గీతలడిపోనాయేట్రా?" అన్నాది అత్త. నాకు చెమటలు పట్టీశాయి. ఆ డిస్క్‌కి ఇంకో కాపీ లేదు మరి!

ఇంట్లో ఉన్న భక్తి పాటల సీడీ పెట్టి చూశాను. అదీ చదవలేదు. హమ్మయ్య! "అత్తా, మావయ్యకేటీ అవలేదు. జబ్బు డ్రైవుకే" అన్నాను.

"అయితే షాపుకి అట్టుకెళ్ళు బావా" అన్నాది సుజాత.

నేను వింటానా? డిజిటల్ అసిస్టెంట్‌ని! రీస్టార్ట్ చేశాను. డివైస్ మేనేజర్లోకి దూరి డ్రైవర్ పీకీసి మళ్ళీ ఎక్కించాను. యూట్యూబ్‌లో ఎవడో హిందీలో చెప్పినదీ చేశాను. సగమే అర్థమయింది. దాంతో అప్పటిదాకా బాగున్న సౌండ్ కూడా పోనాది! దాన్ని వెనక్కి రప్పించేసరికి మధ్యాహ్నం రెండు.

అత్త అప్పటికే సంచి సర్దీసుకుంది. "పోన్లేరా, మళ్ళీ వచ్చినపుడు సూద్దాం" అన్నాది. తిట్టినా బాగుణ్ణు. నాకు సిగ్గేసీసింది. లాప్‌టాప్, పెళ్ళి డీవీడీ ఓ సంచీలో పెట్టి, సుజాతని బండెక్కించుకుని జంక్షన్‌కి పరిగెత్తాను.

కంప్యూటర్ రిపేరు షాపులో నెరిసిన జుట్టుతో ఒకాయన ఉన్నాడు. ఆయన నోరు తెరవకముందే నేను లెక్చర్ మొదలెట్టాను. "ఇది హార్డ్‌వేర్ కాదండీ, డ్రైవర్ కాన్‌ఫ్లిక్ట్." ఆయన వింటే కదా! ట్రే లాగి, సెల్ టార్చి వేసి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"సార్, లెన్సుకి బొట్టు ఎవులెట్టినారు?"

కౌంటర్ దగ్గరున్నోళ్ళందరూ తొంగి చూశారు. గంధం, దాని మీద కుంకం, ఎండి అట్టకట్టి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. దసరాకి ఆయుధపూజ చేశాను కదా! బండికి, మిక్సీకి, గ్రైండర్‌కి బొట్లు పెట్టాను, దేన్నీ వదల్లేదు. లాప్‌టాప్‌కి మూత మీద పెడితే సరిపోయేది. భక్తి ఎక్కువయిపోయి, బటన్ నొక్కి ట్రే తెరిచి, తళుక్కుమంటున్న బుల్లి అద్దం చూసి, ప్రాణమంతా ఇక్కడే ఉంటాది కదా అనుకుని, ఉంగరం వేలితో ఒత్తి మరీ పెట్టాను!

"మా ఆవిడ పెట్టిందండీ" అనీసాను.

సుజాత ఫోన్ తీసి, దసరానాడు తీసిన వీడియో ఆయనకి చూపించింది. అందులో నేనే! పట్టుపంచె కట్టుకుని, ట్రేకి బొట్టు పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెడతన్నాను. షాపంతా ఒకటే నవ్వులు.

"సారు ఏటి సేస్తారమ్మా?" అని అడిగాడాయన.

"సచివాలయంలో డిజిటల్..." అని సుజాత మొదలెట్టేలోపే, "వ్యవసాయం!" అన్నాను.

ఆయన పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి మెల్లిగా తుడిచాడు. అంతే! డిస్క్ పెట్టగానే మా పెళ్ళి సన్నాయి మోగింది. అంత సిగ్గులోనూ ప్రాణం లేచొచ్చింది నాకు.

ఇంటికొచ్చి అత్త ముందు పెట్టాను. భోజనాల దగ్గర మావయ్య, చేతిలో సాంబారు బకెట్టు, వీడియో తీసేవాడి మీద కేకలు. "నన్నెందుకురా తీస్తన్నావు? పెళ్ళికొడుకుని తియ్యి! ఆడికి మళ్ళీ ఇంత సోకు రాదు!"

అత్త పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మళ్ళీ ఎయ్" అన్నాది. వెనక్కి తిప్పుదామని చెయ్యి చాచాను.

"ఒరే, నువ్వు ముట్టుకోకు!" అని చేతి మీద ఒక్కటిచ్చింది. ఎక్కడ నొక్కాలో సుజాత చూపిస్తే, తనే నొక్కుకుంది. సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది గానీ అత్త వెళ్ళలేదు. మావయ్య పదకొండుసార్లు సాంబారు వడ్డించాడు. ఆ పూట నాకు అప్పగించిన మెషిన్ ఒక్కటే, ఫ్యాన్. అది కూడా రెండో స్పీడు మీదున్నాది, మరి కదపొద్దన్నారు.